ఈరన్న కొడుకు ప్రమాణం

గెమాస్, మలాయా
12-11-1957

అక్కకు అంజినప్ప దండాలు. బావకూ చెప్పు.

నీ జాబు అందింది. పామిడిలో ఈ ఏడూ వాన మొహం చాటేసిందని రాశావు. ఇక్కడ పొద్దున లేస్తే వాన, సాయంత్రమైతే వాన. గొడుగు లేకుండా పట్టాల దగ్గరికి పోలేం. ఇందులో సగం మూటగట్టి పంపే వీలుంటే, రైల్వేవాణ్ణి కాబట్టి బాడుగ లేకుండా మీకు పంపేవాణ్ణి.

ఒక సంగతి చెప్పాలి. ఆగస్టు ఆఖర్న ఈ దేశానికి స్వతంత్రం వచ్చిందని రాశాను కదా. ఆ రోజు వీధుల్లో అందరూ "మెర్డెకా" అని, అంటే స్వతంత్రం అని, కేకలు పెట్టారు, నేనూ పెట్టాను. మన దేశానికి వచ్చిననాడు నేను అక్కడ లేను, ఆ ముచ్చట ఇక్కడ తీర్చుకున్నాను. ఇప్పుడు ప్రభుత్వం వాళ్ళు, ఎన్నో ఏళ్ళుగా ఇక్కడ స్థిరంగా ఉంటున్న పరదేశీయులు కావాలంటే ఈ దేశపు పౌరులు కావచ్చని ప్రకటించారు. యుద్ధం చివర పట్టాళంతో రైళ్ళు నడపడానికి వచ్చినవాణ్ణి. పట్టాళం వెళ్ళిపోయింది, నేను ఈ జంక్షన్‌లో పాయింట్స్‌మన్‌గా ఉండిపోయాను. నీ మరదలు సింహాచలం ఇక్కడి రబ్బరు తోటలోనే పుట్టింది. పిల్లలు, నాయన పేరు పెట్టుకున్న ఈరన్న, తిప్పమ్మ, ఇక్కడే పుట్టారు. ముగ్గురికీ కాగితాలు సులువుగా వచ్చేశాయి. ఇక ఇంట్లో నేనొక్కణ్ణే చుట్టపుచూపుగా వచ్చినవాడిలా మిగిలాను. ఉండనిచ్చినంత కాలం ఉండాలి, పొమ్మంటే నేనొక్కణ్ణే పోవాలి. అది తలచుకుంటే అన్నం సహించడం లేదు.

అందుకని దరఖాస్తు పెట్టదలచుకున్నాను. వచ్చే ఆగస్టు లోపల పెడితే మలాయి భాషలో పరీక్ష కూడా లేదట. పెద్ద పనేం కాదు. సత్ప్రవర్తన గలవాణ్ణని ఒక సర్టిఫికెట్, నన్నెరిగినవాళ్ళు ఇద్దరి హామీ, ఆ తర్వాత అధికారి ముందు నిలబడి ప్రమాణం. అది అయిపోతే నాకు ఏ భయమూ ఉండదు.

సింహాచలం వదినకు నమస్కారం చెప్పమంది. తను కుట్టుకున్న గౌనుకు చేతులు ఎగుడుదిగుడుగా వచ్చాయి, నువ్వు దగ్గరుంటే సరిచేసేదానివని గొణుగుతోంది.

నీ తమ్ముడు
అంజినప్ప

పామిడి
20-12-1957

అంజీ,

బాగున్నావా అని అడగను. బాగుంటే ఇలాంటి జాబు రాయవు.

పౌరులు, పరదేశీయులు అని పైన ఏదో రాశావు. అది నాకు పట్టలేదు. కింద రాసింది బాగా పట్టింది. సత్ప్రవర్తన సర్టిఫికెట్ అడిగారు. ఇద్దరి హామీ అడిగారు. ప్రమాణం చేయమన్నారు. అది అయిపోతే భయం లేదన్నావు. ఇద్దరు జామీనుదార్లు, ఆపైన ప్రమాణం, ఇక మిగిలింది సంకెళ్ళే కదా. అక్కడ ఏం పోయింది? రైల్వే సరుకు ఏదైనా పోతే నీ మీద పెట్టారా? అక్కకు చెప్పలేక డొంకతిరుగుడుగా రాశావని మీ బావతో అన్నాను. ఆయన నేను కుట్టిన రవికెలు సంతకు మూటగడుతూ, "వాడు అట్లాంటోడు కాదులే" అన్నాడు. అట్లాంటివాడు కాదని నాకు తెలియదా? నాయన కూడా అట్లాంటివాడు కాదు, అయినా పట్టుకున్నారు కదా.

గుత్తికి పోయి వకీలు గుమాస్తా తిప్పయ్యను కూడా అడిగాను. "సముద్రానికి అవతలి కేసులు మా అయ్య పట్టడమ్మా" అన్నాడు.

నాయన సంగతి నువ్వు విన్నావే గానీ చూడలేదు. నువ్వప్పుడు నా చంకలో ఉన్నావు. కట్టకిందపల్లెలో చెరువు నీళ్ళు మడులకు వంతుల ప్రకారం వదిలే పని నాయనది. నీళ్ళు చాలని ఒక ఏడు, పెద్ద రైతు దగ్గర జొన్నలు తీసుకుని అతని మడికి వంతు తప్పించి నీళ్ళు పెట్టాడని ఊళ్ళో పుట్టించారు. ఆంజనేయస్వామి గుడి ముందర పళ్ళెంలో కర్పూరం వెలిగించి, తప్పు చేయకపోతే దాన్ని ఆర్పి ప్రమాణం చెయ్యమన్నారు. నాయన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. "నేను తీసుకోలేదని చెప్పినా కదప్పా. కర్పూరం ఆర్పితేనే నమ్ముతామంటే నా మాటకు ఏం విలువ ఉండాది? నా మాట చాలదనే ఊరు నాకొద్దు" అన్నాడు. ఆర్పలేదంటే తప్పు ఒప్పుకున్నట్టేనని వాళ్ళు తేల్చేశారు. ఆ పూటే అమ్మ నెత్తికి మూట ఎత్తి, మనిద్దరినీ వెంటబెట్టుకుని గుత్తి దారి పట్టాడు. రైల్వే గ్యాంగులో గడ్డపార పట్టాడే గానీ ఆ ఊరి వైపు మళ్ళీ తల తిప్పలేదు.

ప్రమాణం అనేది అనుమానం ఉన్నవాడి చేత చేయించేది. మన ఇంట్లో ఎవరూ చేయలేదు. నువ్వు మొదలుపెట్టవద్దు. పెళ్ళాంబిడ్డలతో వచ్చెయ్. గుత్తి జంక్షన్‌లో కూడా పట్టాలున్నాయి.

మీ అక్క
ఓబమ్మ

గెమాస్
2-2-1958

అక్కా,

నీ జాబు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సింహాచలానికి చదివి వినిపిస్తే అది మాత్రం ఆలోచించకుండా నవ్వింది. సంకెళ్ళ దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద పులుసు పొంగిపోయింది.

ఇక్కడ ఏమీ పోలేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మా స్టేషన్ మాస్టరే నా కోసం సర్టిఫికెట్ రాసి సంతకం పెట్టాడు. హామీ ఇచ్చేది నాతో పనిచేసే యూసుఫ్, ఇంకొకరు మా వీధి చీనా కొట్టాయన. వాళ్ళిద్దరూ నేను మంచివాణ్ణని చెబుతారు, అంతే. చీనా ఆయనైతే అడక్కుండానే నాలుగు ఎక్కువే చెబుతాడు.

ప్రమాణం దొంగల చేత చేయించేది కాదక్కా. ఇక్కడ మంత్రులు కూడా చేస్తారు. వాళ్ళ మాటలు నీకు తెలుగులో చెబుతాను. ఈ దేశానికి నమ్మకస్థుడిగా ఉంటాననీ, ఈ దేశం బయట ఏ దేశం మీద నాకు విధేయత ఉన్నా దాన్ని పూర్తిగా వదులుకుంటున్నాననీ చెప్పాలి. ఇండియా కాగితం తిరిగి ఇచ్చెయ్యాలి. అంతే.

ఇంత వివరంగా రాశాక ఇక నీకు దిగులుండదు అనుకుంటాను. నువ్వు సరేనంటే పై నెలలోనే దరఖాస్తు పెడతాను. నీ మాట రాకుండా పెట్టను.

అంజినప్ప

పామిడి
16-3-1958

అంజీ,

అంతే అని రాశావు. బాగుంది.

నువ్వు దొంగతనం చేయలేదు, సంతోషం. దొంగతనం కంటే పెద్దది చేయబోతున్నావు. పూర్తిగా వదులుకుంటున్నానని నలుగురి ముందర చెప్పాలా? మన వైపు మొగుడూ పెళ్ళామూ తెగతెంపులు చేసుకునేటప్పుడు పెద్దమనుషుల ముందు చెప్పే మాట అది. నీకూ నాకూ మధ్య అంత గొడవ ఎప్పుడు జరిగింది?

మీ బావ ఎప్పటిలాగే నీ వైపు మాట్లాడాడు. "అది రాజ్యాలోళ్ళ మాటలే. అక్కాతమ్ముళ్ళ మధ్య వాళ్ళకేం పని?" అన్నాడు. రాజ్యం అంటే ఏదో ఆకాశంలో ఉన్నట్టు. నాయన నడుము వంచి రాయి కొట్టిన పట్టాలు ఈ రాజ్యంలోవి. అమ్మను పూడ్చిన మట్టి ఈ రాజ్యంలోది. వాటిని వదులుకుంటే వెనకాల నేనొక్కదాన్ని ఎక్కడ మిగులుతాను?

నువ్వు నాయన కొడుకువైతే ఒక పని చెయ్యి. ఆ అధికారి దగ్గరికి పోయి, నమ్మకంగా ఉంటానని మాట ఇస్తాను, మా ఇంట్లో ప్రమాణం లేదు అని చెప్పు. నీ మాట చాలంటే ఉండు. చాలదంటే ఆ ఊరు నీకు చాలదు. కాదూ కూడదని ప్రమాణమే చేస్తావా, చేసుకో. ఆ తర్వాత నాకు జాబు రాయవద్దు.

సింహాచలానికి చెప్పు, నవ్వాల్సినంత ఏమీ లేదని. గౌను చేతుల కొలత పంపితే మాత్రం కాగితం మీద కత్తిరించి పంపుతాను. అది వేరే సంగతి.

ఓబమ్మ

గెమాస్
14-9-1958

అక్కా,

చాలా నెలలైంది రాయక. ఏం రాయాలో తెలియక రాయలేదు.

ఆగస్టు వెళ్ళిపోయింది. నేను దరఖాస్తు పెట్టలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. యూసుఫ్‌ను మాటసాయానికి వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకు పోయాను. అక్కడి అధికారి మలాయి ఆయన, పెద్దమనిషి. మా ఇంట్లో ప్రమాణం చేసే అలవాటు లేదు, నా మాట తీసుకుంటారా అని అడిగాను. ఎందుకు లేదని అడిగాడు. నాయన కథ అంతా చెప్పాను. యూసుఫ్ చెబుతుంటే ఆయన కలం కింద పెట్టి విన్నాడు. విని, "మీ నాయనగారి వంటివాళ్ళే మాకు కావలసింది. కానీ ప్రమాణం లేకుండా కాగితం ఇచ్చే అధికారం నాకు లేదు" అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

సింహాచలం కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. గిన్నెలు మాట్లాడాయి. ఒకరోజు ఆపుకోలేక అడిగేసింది. వాళ్ళ శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటారు. "మీ అప్ప మాటే సట్టమేటి? రేపు మమ్మల్ని ఇక్కడుంచేసి నిన్ను పొమ్మంటే మీ అప్పొచ్చి అడ్డం పడతాదేటి?" అంది. అక్కా, నువ్వు నన్ను చంకనేసుకుని గుత్తి దాకా నడిచావు. ఆ చంక దిగి నీకు ఎదురు చెప్పడం నా చేత కాలేదు.

నీ మీద కోపంతో రాయడం లేదు. కోపం లేదని కూడా రాయలేను.

ఇకమీదట దరఖాస్తు పెట్టాలంటే మలాయి భాష పరీక్ష పాసు కావాలట. నేను నేర్చుకుంటున్నాను. ఎందుకని అడగవద్దు. పెట్టినా పెట్టకపోయినా, పిల్లలు వీధిలో ఏం తిట్టుకుంటున్నారో తండ్రికి తెలియాలి కదా.

అంజినప్ప

పామిడి
9-11-1958

అంజీ,

నువ్వు నా మాట విన్నావు. సంతోషం రావాలి. ఎంత ఎదురు చూసినా రాలేదు.

ఈసారి సంతలో తెలిసినవాళ్ళు నీ సంగతి అడిగారు. మా తమ్ముడు పరాయి దేశంలో కూడా నాయన మాట నిలబెట్టాడు అని గొప్పగా చెప్పాను. వాళ్ళు ఆహా అన్నారు. మీ బావ మాత్రం మూట భుజాన వేసుకుని ఇంటికి వస్తూ, దారిలో, "మీ నాయన మాట నిలబడింది, సరే. నీ తమ్ముడు యాడ నిలబడాల?" అన్నాడు. నాకు కోపం వచ్చి గబగబా ముందు నడిచాను.

సింహాచలం నన్ను అన్న మాట రాసి మంచిపని చేశావు. దాచి ఉంటే నీ మీద ఇంకా కోపం వచ్చేది. నోరు గట్టిదే. ఉండనీ, ఆ ఇంటికి ఒకరికైనా ఉండాలి.

ప్రమాణం మాట మాత్రం ఎత్తవద్దు. నీ జాబుతో వచ్చిన కొలత ప్రకారం గౌను చేతులు కాగితం మీద కత్తిరించి పంపాను.

ఓబమ్మ

గెమాస్
6-9-1959

అక్కా,

ఎత్తవద్దన్న మాట ఎత్తుతున్నాను. చదివి చింపెయ్యి, కానీ మొత్తం చదువు.

పోయిన నెల ఇక్కడ ఓట్లు జరిగాయి. సింహాచలం నువ్వు సరిచేసిన చేతుల గౌను వేసుకుని, తలకు నూనె రాసుకుని, పెళ్ళికి పోయినట్టు పోయింది. నేను పిల్లలతో గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డాను. వరసను చూసుకునే పోలీసు వచ్చి, మర్యాదగానే, "మీకు ఓటు లేకపోతే రోడ్డు అవతల నిలబడండి" అన్నాడు. అవతలికి పోయాను. వరసలో యూసుఫ్ ఉన్నాడు, చీనా కొట్టాయన ఉన్నాడు, మా గేటు దగ్గర ఊడ్చే ముసలమ్మ ఉంది. నేను పాయింట్లు తిప్పితేనే ఈ ఊళ్ళో రైళ్ళు ఇటు నుంచి అటు మళ్ళుతాయి. ఆ రోజు రోడ్డు ఇటు నుంచి అటు దాటే అర్హత నాకు లేకపోయింది. "నాయనా, నువ్వు పోవా?" అని తిప్పమ్మ అడిగింది. వాన పడుతోంది గనక నా మొహం దానికి సరిగ్గా కనపడలేదు. సిగ్గుతో చచ్చిపోయానక్కా.

ఆ కసితో పరీక్షకు కూర్చున్నాను. మలాయి నువ్వు అనుకున్నంత పరాయిది కాదు. భాషను బహాసా అంటారు. మొగుణ్ణి సువామి అంటారు, నీ మరదలు ఆ మాట ఒక్కసారైనా వాడిన పాపాన పోలేదు. అక్కను కకా అంటారు, మన అక్కకు ముందు ఒక క తగిలించినట్టు. పరీక్షలో నా వాళ్ళ గురించి చెప్పమన్నారు. మొదలుపెట్టాను. మా కకా ఇలా అంటుంది, మా కకా అది వద్దంటుంది, మా కకా ఇది ఒప్పుకోదు అని చెప్పుకుంటూ పోయాను. చాలు చాలు, పాసయ్యావు అన్నారు. నీ మీద ఉన్న కోపమంతా మలాయిలో బాగా పలికింది.

దరఖాస్తు పెట్టాను. మంజూరవుతుందని చెప్పారు. ఇక ప్రమాణం ఒక్కటే అడ్డం. దానికి ఒక ఉపాయం దొరికింది. అక్కడ నోటితో ఆ మాటలు అంటాను. మనసులో మాత్రం అనుకోను. నోరు వాళ్ళ కోసం అంటుంది, మనసు గుత్తిలోనే ఉంటుంది. అప్పుడు నేను నిజంగా ప్రమాణం చేసినట్టు కాదు, నీ మాట తప్పినట్టూ కాదు. వాళ్ళ కాగితం వాళ్ళిస్తారు. ఇంతకంటే తెలివిగా నాకు తోచలేదు.

నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను.

అంజినప్ప

పామిడి
4-10-1959

ఒరేయ్ అంజీ,

నువ్వు చిన్నవాడిగా ఉన్నప్పుడు కూడా నిన్ను కొట్టలేదు. ఇప్పుడు దగ్గరుంటే కొట్టేదాన్ని.

నోటితో అని మనసులో అనుకోవా? దాని పేరేమిటో తెలుసా? దొంగ ప్రమాణం. నాయన కర్పూరం ఆర్పి ఉంటే ఊరు దక్కేది, పని దక్కేది, అమ్మ నెత్తి మీద మూట ఉండేది కాదు. ఆయన తప్పు చేయలేదు కాబట్టి ఆర్పినా అది నిజమైన ప్రమాణమే అయ్యేది. నిజమైనదే చేయనన్న మనిషి కొడుకు, అబద్ధపు ప్రమాణానికి ఉపాయం వెతుకుతున్నాడు. అది కూడా నా పేరు చెప్పి. నీకు తెలివి ఎక్కువైంది, అది మన ఇంటిది కాదు.

ఈ రెండు పేరాలు రాసి కాగితం పక్కన పెట్టేశాను. మిషను ముందు కూర్చున్నా కుట్టు సాగలేదు. నా తమ్ముడికి ఈ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచించాను. నా దగ్గరి నుంచే వచ్చింది. నిలబడడానికి చోటు లేకుండా చేస్తే ఎవరైనా ఒంటికాలి మీద నిలబడతారు. రోడ్డు అవతల గొడుగు పట్టుకుని నిలబడ్డావని చదివినప్పుడు, నా తమ్ముణ్ణి అవతలికి పొమ్మనడానికి వాడెవడు అనుకున్నాను. వాడు కాదు, పొమ్మన్నది నేనే.

మీ బావతో అన్నాను, నాయనను అడిగినది వేరు, వీణ్ణి అడుగుతున్నది వేరు అని. "ఏం వేరు?" అన్నాడు. చెప్పాను. నాయనను అడిగింది అయిపోయినదాని గురించి. తీసుకున్నావా, లేదా? అయిపోయినదానికి ఆయన మాట చాలాలి, చాలదనడం అవమానం. నిన్ను అడుగుతున్నది రాబోయేదాని గురించి. ఇకమీదట మాతో ఉంటావా, ఉండవా? రాబోయేది నువ్వు చెప్పకపోతే వాళ్ళకెట్లా తెలుస్తుంది? మీ బావ, "ఈ మాట పోయినేడు చెప్పింటే వాడు పరీక్ష లేకుండా బయటపడేటోడు కదా" అన్నాడు. ఆయనకు నా మీద పైచేయి వచ్చేది ఎప్పుడో ఒకసారి, అందుకని ఊరుకున్నాను.

ప్రమాణం చెయ్యి. చేస్తే పూర్తిగా చెయ్యి. ఒక కన్ను గుత్తి మీద పెట్టి ఆ మాటలు అనవద్దు. మన ఇంట్లో మాట ఇస్తే మొత్తం ఇస్తారు, సగం దగ్గర పెట్టుకోరు. వదులుకుంటున్నానని చెప్పాల్సిన చోట గట్టిగా చెప్పు. నాకు ఏడుపు వస్తుంది. వస్తే ఏడుస్తాను, అది నా పని. నీ పని నువ్వు చెయ్యి.

జాబు రాయవద్దు అన్నాను కదా, అది కోపంలో అన్నది. అయిన సంగతంతా రాయి.

అక్క
ఓబమ్మ

గెమాస్
17-1-1960

మా అక్కకు, ఈ దేశపు మనిషి అంజినప్ప దండం పెట్టి రాస్తున్నది.

అయిపోయింది. నువ్వు చెప్పినట్టు, పూర్తిగా.

ఆఫీసులో మేము కొంతమందిమి ఉన్నాం. తమిళులు, చీనావాళ్ళు, ఒక పంజాబీ సర్దారు. ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి అధికారి ముక్కలు ముక్కలుగా చదువుతాడు, మనం వెనకనే అనాలి. ముందు వదులుకునే మాట వచ్చింది. ఆయన చదివి ఆగాడు. నేను నోరు తెరిచాను, మాట రాలేదు. గుత్తి కొండ కనపడిందో, నువ్వు కనపడ్డావో చెప్పలేను. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. దాచుకోలేదు. వేరే ఎవరైనా అయితే తొందర పెట్టేవాడు. నాయన కథ విన్న మనిషే కదా, ఆయన కాగితం వైపు చూస్తూ ఊరుకున్నాడు. అప్పుడు చెప్పాను. గట్టిగా చెప్పాను. అన్నది నోరొక్కటే కాదక్కా, నేను మొత్తంగా అన్నాను.

తర్వాత నమ్మకంగా ఉంటాననే మాట. దానికి వాళ్ళ భాషలో సెతియా అంటారు. సెతియాగా ఉంటాను అనాలి. ఆ మాట ఎక్కడిదని యూసుఫ్‌ను ముందే అడిగి ఉన్నాను. పాతకాలంలో మీ వైపు నుంచే వచ్చింది, మీ సత్యమే అది అన్నాడు. కర్పూరం లేదు, పళ్ళెం లేదు. సత్యంగా ఉంటావా అని అడిగారు, ఉంటానని చెప్పాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎంత పైకి లేచిందంటే సర్దారు వెనక్కి తిరిగి చూశాడు.

అధికారి లేచి చెయ్యి కలిపాడు. బయటికి వస్తే సింహాచలం నిలబడి ఉంది. నన్ను కిందికీ పైకీ చూసి, "ఇప్పుడు మనం నలుగురం" అంది. ఇన్నేళ్ళలో అది నాతో ఇంత మెత్తగా మాట్లాడిన గుర్తు లేదు.

వచ్చే ఓట్లకు నేను రోడ్డు ఇవతల ఉంటాను.

నీ తమ్ముడు
అంజినప్ప

పామిడి
6-3-1960

అంజీ, నా నాయనా,

నీ జాబు చదివి ఏడ్చాను. చెప్పాను కదా, అది నా పనని. ఆ పని అయ్యాక మీ బావను లేపి, కట్టకిందపల్లెకు పోదాం పద అన్నాను. ఆయన ఎందుకని అడగకుండా చెప్పులు వేసుకున్నాడు. ఆ మనిషిలో నాకు నచ్చేది అదొక్కటే.

నాయన వదిలిపెట్టాక ఆ ఊళ్ళో మన వాళ్ళ కాలు పడటం ఇదే మొదలు. బస్సు దిగి నడిచాం. చెరువు పగుళ్ళిచ్చి ఉంది, వంతులు పెట్టడానికి నీళ్ళే లేవు. ఆంజనేయస్వామి గుడి ముందర అరుగు మీద ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. "యాడోళ్ళమ్మా మీరు?" అన్నాడు వాళ్ళలో కుళ్ళాయప్ప అనే ఆయన. ఈరన్న కూతుర్ని అన్నాను. ఏ ఈరన్న అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

అరుగు కింద నిలబడి నీ జాబు మొదటి నుంచి చివరిదాకా చదివాను. నా గొంతు నీకు తెలుసు కదా, గుడి లోపలికి కూడా వినపడి ఉంటుంది. చదివాక నేను చెప్పదలచుకున్నది చెప్పాను. "మా నాయనను ఊరి బయటికి పంపేదానికి మీరు ప్రమాణం అడిగితిరి. ఆ దేశమోళ్ళు నా తమ్ముణ్ణి లోపలికి పిల్చుకునేదానికి ప్రమాణం అడిగినారు. మా నాయన చేయకపోయింది సరే, నా తమ్ముడు చేసిందీ సరే. ఇది చెప్పిపోదామని వస్తి" అన్నాను.

కుళ్ళాయప్ప గడ్డం గోక్కుని, "అయితే ఈరన్న కొడుకు ఇంక మనోడు కాదన్నమాట" అన్నాడు.

"మీవోడు కాదని మీరు ఎప్పుడో తేల్చినారు కదప్పా" అన్నాను. "మావోడని వాళ్ళు ఇప్పుడు తేల్చినారు. ఆలస్యమైనా ఒకరు తేల్చినారు."

ఆయన తల దించుకున్నాడు. తర్వాత ఇంకొక ముసలాయన లేచి, ఎండన పడి వచ్చినారు, నీళ్ళు తాగి పోండి అన్నాడు. తాగాం. నీళ్ళు చప్పగా ఉన్నాయి. అయినా ఆ ఊరి నీళ్ళు ఎవరో పిలిచి ఇస్తే తాగాను, దొంగ కూతురిలా కాదు. నాయన ఉంటే ఏమీ అనేవాడు కాదు. చేతులు వెనక్కి పెట్టుకుని ముందు నడిచేవాడు.

తిరుగు బస్సులో మడకశిర నుంచి వచ్చిన ఆమె ఒకతె నా పక్కన కూర్చుంది. బస్సులో కూర్చున్నాక ఎవరైనా అడిగేదే కదా, మీది ఏ ఊరు, మీవాళ్ళెవరు అని. ఎప్పుడూ నేను, మాది పామిడి, తమ్ముడు మాత్రం మలాయాలో ఉన్నాడు అని చెప్పేదాన్ని. ఏదో పనికి పోయినవాడు, నేడో రేపో వస్తాడన్నట్టు చెప్పేదాన్ని. ఈసారి అలా చెబితే అబద్ధం అవుతుంది. నువ్వు అక్కడ నిలబడి అన్ని మాటలు అన్నాక, ఇక్కడ కూర్చుని నేను అబద్ధం ఆడితే ఎట్లా?

"మాది పామిడి" అన్నాను. "మా తమ్ముడిది మలాయా."

మొదటిసారి మెల్లగానే చెప్పాను. ఆమెకు చెవుడో ఏమో, యాడిది అని మళ్ళీ అడిగింది. రెండోసారి బస్సంతా వినపడేట్టు చెప్పాను.

ఉంటాను.

మలాయా అంజినప్పకు అక్క,
పామిడి ఓబమ్మ